పూజ నాడు ముట్టిన కంప్యూటర్

"గుర్తు లేదు" అని ఒకసారి అన్నాను. అంతే. ఆ ఒక్క మాటను ఇన్నేళ్ళుగా మోస్తూ తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఎక్కడ మొదలుపెట్టాలో సరిగా తెలియడం లేదు. తప్పు చేసిన చోటా, దాచిన చోటా? రెండూ వేరువేరని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అదీ తెలియడం లేదు.

హోసూరులో మాది చిన్న ఆఫీసు. బాగలూరు వైపు గులాబీలు పెంచే రైతులకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. కోసిన పూలను ఉంచే కోల్డ్‌రూమ్‌లో వేడి పెరిగితే వెంటనే రైతు ఫోన్‌కి మెసేజ్ పోవాలి. అది మా పని. ఆఫీసులో అందరికంటే ముందు చేరినవాణ్ణి నేను. నాగవేణి చాలా తరువాత వచ్చింది. ఊత్తంగరై దగ్గర పల్లె ఆమెది. వాళ్ళ నాన్న క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఆమెదే మొదటిది. పని నేర్పింది నేను.

మా పనిలో ప్రతిదీ మేమే రాయం. ఎక్కడో ఎవరో రాసి, అందరూ వాడుకోండని ఊరికే ఇచ్చిన ప్యాకేజీలు ఉంటాయి. వాటిని దించుకుని మా దాంట్లో కలుపుకుంటాం. వాటిలో దొంగవీ ఉంటాయి. పైకి చెప్పిన పని చక్కగా చేస్తూనే, కంప్యూటర్‌లో దాచుకున్న పాస్‌వర్డులూ సర్వర్ తెరిచే తాళాలూ ఊడ్చి తమవాళ్ళకు పంపేస్తాయి. కొత్త ప్యాకేజీని ఎవరు రాశారో, లోపల ఏముందో చూడకుండా ఎక్కించకూడదు. ఈ మాట నాగవేణికి చెప్పిచెప్పి విసిగించింది కూడా నేనే.

ఇక ఆ ఆయుధపూజ. మా వైపు ఆ రోజు జూజువాడిలో లారీలకు అరటి పిలకలు కడతారు, ఫ్యాక్టరీల్లో లేత్ మెషిన్లకు బొట్లు పెడతారు. మేము కంప్యూటర్లకు పెట్టాం. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టకూడదు. నా ల్యాప్‌టాప్ కొత్తది కాబట్టి దేవుడి పటాల ముందే పెట్టారు, దాని మీద చామంతి దండ. నాగవేణి కంప్యూటర్ ఒక్కదాన్ని మాత్రం ఆపలేదు. కోల్డ్‌రూమ్‌ల లెక్కలన్నీ దానికే వస్తాయి. దానికి దూరం నుంచే హారతి చూపించమన్నారు ఆఫీసు నడిపే మా సార్. గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టాం, బొరుగులు పంచుకున్నాం, అందరూ వెళ్ళిపోయారు. రైతులు ఫోన్ చేస్తే చూసుకోవడానికి నేను మిగిలాను.

మధ్యాహ్నం ఒక రైతు ఫోన్ చేశాడు. కోల్డ్‌రూమ్ వేడెక్కింది, మెసేజ్ మాత్రం రాలేదు. గదిలో ఉన్నవి పెళ్ళికి పోవలసిన పూలు. నా ల్యాప్‌టాప్ వైపు చూశాను. పసుపు, కుంకుమ, దండ. తీయబుద్ధి కాలేదు. నాగవేణి కంప్యూటర్ నడుస్తోంది, ఆమె అకౌంట్ తెరిచే ఉంది. వెళ్ళి కూర్చున్నాను.

ఇక్కడే నాకు అర్థం కాదు. నాది ముట్టకూడదని అంత నియమం పాటించినవాణ్ణి, ఆమెది ముట్టవచ్చని ఎలా అనుకున్నాను? భక్తా? బద్ధకమా? అది పూజలో లేదు కాబట్టి ఎవరిదీ కాదనుకున్నానా? మెసేజ్‌ల చిక్కు తీర్చే ప్యాకేజీ ఒకటి వెతికితే దొరికింది. ఎవరు రాశారో చూడలేదు. ఎక్కించాను, పనిచేసింది. రైతు నన్ను దీవించాడు. ఒళ్ళో బొరుగుల పొట్లం పెట్టుకుని తింటూ, నా తెలివికి నేనే మురిసిపోయాను.

సెలవు తరువాత నాగవేణి వచ్చి కీబోర్డు తిరగేసి దులిపింది. బొరుగులు రాలాయి. "ఎవురప్పా నా కీబోర్డుకు నైవేద్యం పెట్టింది?" అంది నవ్వుతూ. అందరమూ నవ్వాం. నేను కూడా. అప్పుడే చెప్పి ఉంటే అది తప్పు కూడా అయ్యేది కాదు.

కొన్ని వారాలకు ఎవరో మా సర్వర్‌లోకి వచ్చి ఉన్నదంతా తుడిచేశారు. వచ్చింది నాగవేణి తాళాలతో. ఎవరికీ మెసేజ్‌లు పోలేదు. బాగలూరులో పూలు నల్లబడ్డాయి, రైతులు ఆఫీసుకు వచ్చి అరిచారు. బెంగళూరు నుంచి వచ్చిన నిపుణుడు అంతా వెతికి ఒక ప్యాకేజీ పేరు చెప్పాడు. ఆయుధపూజ నాటి మధ్యాహ్నం, నాగవేణి కంప్యూటర్‌లో, ఆమె అకౌంట్‌తో ఎక్కిందన్నాడు. పేరు వినగానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. చూడకుండా ఎక్కించకూడదని అందరికీ చెప్పేవాణ్ణి కదా, ఎవరూ నా వైపు చూడలేదు.

పూజ కాగానే ఊరికి బస్సెక్కానని నాగవేణి చెప్పింది. సార్ నన్ను గదిలోకి పిలిచారు.

"ఏమప్పా, ఆ పొద్దు కడదాకా ఆఫీసులో ఉండింది నువ్వే గదా. మధ్యాహ్నం నాగవేణి ఈడ ఉండిందా, పోయిండిందా?"

"గుర్తు లేదు సార్."

"బాగా యోచన చేసి చెప్పప్పా. ఆయమ్మ బతుకు విషయం."

"గుర్తు లేదు సార్. ఎవురెవురు యెప్పుడు పోయినారో నేను చూడలేదు."

అబద్ధం ఆడానని అనిపించలేదు. నిజంగానే గుర్తు లేదేమో అనిపించింది. ఆమె చెప్పులు వేసుకుంటూ నాకు చెయ్యి ఊపింది కదా? అది ఆ రోజేనా, ఇంకో రోజా? నాకు నేను ఎంతగా చెప్పుకున్నానంటే, ఇప్పుడు ఆ మధ్యాహ్నం తలచుకుంటే ఒక్కోసారి ఆమె ఆ కుర్చీలో కూర్చుని ఉన్నట్టే కనిపిస్తుంది. నేను దూరంగా నిలబడి ఉంటాను. మనసు ఇంత పని చేస్తుందా? లేక నేనే చేయిస్తున్నానా?

ఆమెను తీసేశారు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నేనే యెప్పుడో యెక్కించి మర్చిపోయినానేమో అన్నా. మీకందరికీ కష్టం తెచ్చినాను" అంది. చేయని తప్పును తనే చేశానని నమ్మేసింది. నేను ఏమన్నానో వినండి. "పోనీలేమ్మా, ఎవురికైనా జరుగుతుంది" అన్నాను. నా తప్పుకు ఆమెను క్షమించాను.

ఆ బొరుగులు ఆమెకు గుర్తు రాలేదా? గుర్తొచ్చినా, నేర్పినవాడి మీద చెప్పలేక ఊరుకుందా? దీని మీద ఎన్నిసార్లు ఆలోచించినా రెండు వైపులా సరిపోతుంది. ఆమెకు తెలియదనుకుంటే సిగ్గుగా ఉంటుంది. తెలుసనుకుంటే ఇంకా సిగ్గు.

ఈమధ్య కృష్ణగిరి బస్టాండులో కనిపించింది. ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉంది. ఏదో ప్యాకింగ్ పనట. తనే పలకరించింది. మళ్ళీ మన పనికి రాకూడదా అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. "లేదన్నా. కంప్యూటర్ ముట్టాలంటే భయం. నా చెయ్యి మంచిది కాదు" అంది. ఊత్తంగరై బస్సు వచ్చింది. ఎక్కుతూ చెయ్యి ఊపింది.

అదే చెయ్యి. అదే ఊపడం. ఆ రోజు చెప్పులు వేసుకుంటూ ఊపింది ఇలాగే, భుజాన సంచీ సర్దుకుంటూ. అనుమానం లేదు.

బస్సు వెనుక పరుగెత్తలేదు. సార్‌కి ఫోన్ చేయలేదు. ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. ఇది ఆమెకు చేరదు, ఆమె ఉద్యోగం తిరిగి రాదు. అయినా గుండె కొంచెం తేలికైన మాట నిజం. తేలికైనందుకు కూడా సిగ్గుగానే ఉంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇచ్చేది కాదు.

సార్ అడిగిన దానికి జవాబు మాత్రం ఒక్కసారైనా ఎక్కడో ఉండాలి.

పోయిండింది సార్. పూజ కాగానే పోయింది. ఆ కుర్చీలో కూర్చున్నది నేను. నాకు గుర్తుంది.