స్పిండ్లర్ వాళ్లు గోదావరి దాటిన పాట

మొన్న ఆదివారం పటం కథ చెప్పే తాత మా ఇంటి ముందు ఆటో దిగాడు. చంకలో అదే బట్టచుట్ట. మా నేతవాళ్ల కులం ఎలా పుట్టింది, ఏ ఇంటిపేరువాళ్లు ఎక్కడినుంచి ఎక్కడికి వలస వచ్చారు, ఇవన్నీ బొమ్మలు చూపిస్తూ పాడడం వాళ్లకు తరతరాల పని. తల ఊపుతూ వినడం మా పని. చాప పరిచాను, చాయ్ పెట్టాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గాని లోపలంతా మొద్దుబారిపోయింది. మా చిన్నమ్మ పోయినప్పటినుంచి ఇంతే. దవాఖానలో ఏడవలేదు, ఇంటికొచ్చాకా ఏడవలేదు. చిన్నాయన మరీ ఘోరం. ఏమడిగినా "ఊ" తప్ప మాట లేదు. ఆరోజు కూడా చాప మీద పక్కన చోటు వదిలి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మా చిన్నమ్మది జర్మనీ. వరంగల్ జంపఖానాలు ఎలా నేస్తారో చూద్దామని వచ్చింది. చూపించినవాడు మా చిన్నాయన. చూడడం అయిపోయినా ఆవిడ వెళ్లలేదు. మా నాయనమ్మ కొన్నాళ్లు మూతి ముడుచుకుంది గాని, కోడలు పచ్చిపులుసు గిన్నె ఖాళీ చేయడం చూశాక మెత్తబడింది. వాళ్లకు పిల్లలు లేరు. చిన్నమ్మ పుట్టింటి పేరు స్పిండ్లర్. వాళ్ల ఇంట్లో ఆ పేరుకు తనే ఆఖరు. ఇక్కడేమో అందరికీ మా ఇంటి కోడలే. "నేను పోతే ఆ పేరు తల్సెటోళ్లు ఉండరు" అని ఒకసారి జొన్నరొట్టె తుంచుకుంటూ అంది. అది ఆవిడకు పెద్ద బెంగ.

అందుకే ఒక ఏడు తాత ముందు కూర్చుని, "మా పేరు గూడ పాడరాదు తాతా" అని అడిగేసింది. కోడళ్ల పుట్టింటి పేరు పాడే ఆచారం లేదు. తాత గడ్డం గోక్కున్నాడు. "మీదెక్కడ బిడ్డా, ఏం పని జేసెటోళ్లు?"

ఎక్కడో కొండల్లో నూలు వడికే కదుళ్లు చేసేవాళ్లట, ఆ పేరు అలా వచ్చిందట. మిల్లులొచ్చి పని పోయి సగంమంది చెల్లాచెదురయ్యారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సరిహద్దు మారి, మిగిలినవాళ్లను వెళ్లగొట్టారు. తోపుడుబండిలో సామాను వేసుకుని, నది దాటి పడమటికి పోయారట. తాత శ్రద్ధగానే విన్నాడు. తీరా పాటలోకి వచ్చేసరికి తోపుడుబండి ఎడ్లబండి అయింది, ఆ నది గోదావరి అయింది.

"మాది గోదారి కాదు తాతా" అంది చిన్నమ్మ.

"ఇల్లిడిసినోళ్లు ఏ నది దాటినా, మా పాటల అది గోదారే బిడ్డా."

చిన్నమ్మ పడీపడీ నవ్వి, కళ్లు తుడుచుకుంది. అప్పటినుంచి ఏటా తాత వచ్చే వేళకు తల దువ్వుకుని చాప మీద ముందే కూర్చునేది. తనవాళ్ల బండి కదలగానే చిన్నాయన తొడ గిల్లేది.

మొన్న తాత మా ఇంటిపేరు పాడాడు, దీవించాడు, పటం చుట్టడం మొదలుపెట్టాడు. స్పిండ్లర్ అన్న మాటే రాలేదు. మనిషే లేనప్పుడు ఆమె పుట్టింటి పేరెందుకు అనుకున్నాడేమో. ఆచారం ప్రకారం అందులో తప్పేం లేదు. నాకూ ఏమీ అనిపించలేదు. బియ్యం చాట పట్టుకుని నిలబడ్డాను.

"ఆగు తాతా" అన్నాడు చిన్నాయన. చాలా రోజులు వాడని గొంతు. "మావోళ్లను ఇంక గోదారి దాటియ్యకపోతివి."

తాత పటం మళ్లీ విప్పాడు. ఎడ్లబండి కదిలింది. చిన్నాయన తన తొడ మీద చేయి వేసుకుని వింటున్నాడు. నా చేతిలో చాట ఒరిగి, బియ్యం నేలంతా రాలాయి. చిన్నమ్మ ఇక లేదన్న సంగతి నాదాకా రావడానికి ఇంతకాలం పట్టింది.