తొక్కు చింత

మా అత్త సారవ్వకు చింతచెట్లన్నీ ఒక్కటి కావు. రామగిరి పక్కన ఆమె ఊళ్లో, ఇళ్ల వెనక వరసగా ఉన్న చెట్లకు ఆమె వంటింటి పేర్లు పెట్టుకుంది. చిగురు మెత్తగా ఉండేది పప్పు చింత. పండు చిక్కగా దిగేది చారు చింత. పచ్చికాయ దంచి పచ్చడి పెడితే ఏడాదైనా రుచి మారనిది తొక్కు చింత. చింతకు పుట్టిల్లు ఆఫ్రికా అని బళ్లో పిల్లలకు చెప్పే పాఠం ఒకసారి ఆమెకూ చెప్పాను.

"పుట్టిల్లు ఏదైతేంది బిడ్డా, కాపురం మా దొడ్లె జేసింది," అంది.

ఆకు నమిలి చెట్టు పేరు చెప్పేది. సెలవుల్లో వెళ్లినప్పుడల్లా నేను ఆమె కళ్లు మూసి పరీక్షలు పెట్టాను. ఓడిపోవడం నాకు బొత్తిగా పడదు. అయినా ప్రతిసారీ ఓడిపోయాను.

కరోనా వచ్చి పోయాక ఆమె నాలుక చచ్చింది. ఉప్పు తెలియదు, కారం తెలియదు. ఎవరికీ చెప్పొద్దని నాతో, తన కొడుకుతో ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాతే ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గుగని కింద పోయింది. అత్త గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు వచ్చింది, మిగతావాళ్లు తలో దిక్కుకు చెదిరిపోయారు. ఆమె అడిగింది ఒక్కటే, తొక్కు చింత కొమ్మ. గింజ పెడితే గుణం మారిపోతుంది, అంటు కడితేనే అదే చెట్టు వస్తుంది. చెట్లను మర్నాడు పెకిలిస్తారని తెలిసి, మా ఆయన సంపత్ డ్యూటీ దిగగానే ఆటో మాట్లాడాడు.

వెళ్లి చూశాం. గోడలు లేవు, దొడ్లు లేవు. చెట్ల కొమ్మలు ఎప్పుడో కొట్టేశారు. ఒకే తీరు మోళ్లు, వాటి మీద ఒకే తీరు చిగుళ్లు. ఏదో ఒకటి కోసుకుని పోదామన్నాను.  అత్త మొదటి మోడు చిగురు తుంచి, ఉన్న నాలుగు పళ్లతో నమిలి, ఉమ్మేసి, చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి నోరు పుక్కిలించి ఇంకో మోడు దగ్గరికి నడిచింది. రుచే తెలియనిదానివి ఏం చేస్తున్నావని కసిరాను.

"నాల్క జచ్చింది గని పళ్లు జావలే. పప్పు చింతకు పళ్లు జల్ది పులుస్తయ్, జల్ది ఊకుంటయ్. తొక్కు చింతది నిమ్మలంగ ఎక్కుతది. ఎక్కినంక దిగది."

చింత చచ్చినా పులుపు చావలేదని సంపత్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పళ్లు పులవడమంటే నాకు ఇన్నాళ్లూ ఒక బాధ, అంతే. ఈ మనిషి దానితో చెట్టును పోల్చుకుంటోంది! చివరికి ఒక మోడు దగ్గర దవడ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదే అంది. దాని పుల్లలు కోసి తడిగుడ్డలో చుట్టాం.

బసంత్‌నగర్ నర్సరీలో అంటు కట్టించి మా క్వార్టర్ వెనక నాటాం. అది కాపుకొచ్చేదాకా ఆమెకు ఒకటే ఫికర్, తప్పు చెట్టును తెచ్చానేమోనని. ఈ కార్తీకంలో తొలి కాయలు దంచింది. తన నోటికి తెలియదు. ఊళ్లో గట్టిగా నాలుగు రోజులుండని నాకు పాత రుచి గుర్తులేదు. కొడుకేమో తల్లి చేసింది ఏదైనా బాగుందనే అంటాడు. అందుకని ఒకప్పటి పక్కింటి లింగమూర్తిని కాసిపేట నుంచి భోజనానికి పిలిచింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. అన్నం వడ్డించి, తొక్కు వేసి, ఎదురుగా కూర్చుని ఆయన మొహమే చూసింది.

లింగమూర్తి మొదటి ముద్ద నమలడం మధ్యలోనే ఆపాడు.

"వదినె," అన్నాడు, "మన ఊరు బోయింది గదా. మరి ఇదెక్కడిది?"

 అత్త లేచి వెళ్లి తన కంచం తెచ్చుకుంది.