మూడో పిలుపు

సంగారెడ్డి కోర్టు వరండాలో పేర్లు పిలిచే మా యాకూబ్‌కు ముప్పై ఏళ్ల సర్వీసు. పిలిచే ముందు నడుముకున్న పటకా సర్దుకుంటాడు, గొంతు సవరించుకుంటాడు. "పద్నాలుగు మంది జడ్జీలను చూసిన. నా పిలుపు ఇనలేదన్నోడు లేడు" అంటాడు. మూడుసార్లు పిలిచినా మనిషి రాకపోతే దావా కొట్టేస్తారు. ఆ రోజు, ఉన్న ఒక్క ఎకరం కోసం తొమ్మిదేళ్లుగా తిరుగుతున్న రుద్రారం లచ్చవ్వ వంతు. రెండుసార్లు పిలిచినా జవాబు లేదు. మూడో పిలుపుకు యాకూబ్ మెట్లు దిగి, గేటు దాకా నింపాదిగా నడిచాడు. "ఏంది భాయ్, బస్టాండ్ల పిలుస్తవా?" అని వకీలు గుమాస్తా నవ్వాడు. యాకూబ్ రోడ్డువైపే చూస్తున్నాడు. చివరికి ఒక ఆటో ఆగింది. లచ్చవ్వ చెప్పులు చేతబట్టుకుని దిగి, రొప్పుతూ వచ్చి అతని ఎదుట నిలబడింది. అప్పుడు పటకా సర్దుకుని, లోపల జడ్జిగారికి వినబడేలా పిలిచాడు: "రుద్రారం లచ్చవ్వా!"

"ఈడ్నే ఉన్న గద కొడకా, గట్ల ఒర్రుతవేంది?" అందామె.