యూసుఫ్ సాబ్ పడవ కారుతుందట

తెల్లవారి నమాజు ముగించుకుని వచ్చిన యూసుఫ్ సాబ్ చెప్పులు విడవడు. నేరుగా వాకిట్లో ఉన్న పడవ దగ్గరికి పోతాడు. చొక్కా చేతిని మోచేయి దాకా మడిచి, పడవలో పోసిన నీళ్ళలోకి వేళ్ళు దించుతాడు. లోపల మేకుతో గీసిన గీతకు నీళ్ళు ఎంత కిందికి దిగాయో కొలుస్తాడు. తడి చేతిని గడ్డానికి తుడుచుకుంటాడు. ఆ తర్వాత చావు కబురు మోసుకొచ్చిన మనిషి గొంతుతో, వీధి చివరిదాకా వినపడేలా చెబుతాడు.

“మళ్ళా కారింది.”

వీధి ఆ మాటతో లేచేది. గడియారాలున్నవాళ్ళు కూడా వాటికి చావి ఇవ్వడం మానేశారు.

ఆదోనిలో పడవ ఎందుకని అడిగేవాళ్ళు మొదట్లో ఉండేవాళ్ళు. అది పత్తి ఊరు. గాలిలో దూది ఎగురుతుంది గాని కొళాయిలో నీళ్ళు రావు. నాలుగు రోజులకొకసారి వస్తాయి. వచ్చి, కడవ సగం నిండేలోపల ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోతాయి. తుంగభద్ర బస్సులో గంటన్నర దూరం. అలాంటి చోట, ఎద్దుల బండ్లు చేసి బతికే యూసుఫ్ సాబ్ పధ్నాలుగు అడుగుల పడవ చేసి పెట్టుకున్నాడు.

తప్పు ఒక లారీది. డెబ్భై రెండులోనో మూడులోనో పత్తి బేళ్ళ లారీ ఎక్కి ఆయన కోస్తాకు పోయాడు. అక్కడ ఒక కాలవలో ఒక ఆడమనిషి, ఇల్లంత గడ్డిని పడవలో వేసుకుని, ఒక్క గడకర్రతో తోసుకుంటూ పోయింది. పోతూ వక్క నములుతోందట. రెండు ఎద్దులు, ఒక మనిషి, నాలుగు బూతులు కలిసి చేసే పనిని ఒక కర్ర చేసేసింది. తిరిగొచ్చాక యూసుఫ్ సాబ్‌కు ఎద్దుల మీద గౌరవం పోయింది. ఆనాటి నుంచి ఆయన చేతిలో తయారైన ప్రతి వస్తువుకూ ముందర పడవ ముక్కు మొలిచింది. ఉయ్యాల తొట్టికి ముక్కు. కోళ్ళ గూటికి ముక్కు. ఒక పెండ్లి మంచానికి కూడా ముక్కు పెడితే అది మోకాలికి తగిలి పెండ్లికొడుకు మూడు రోజులు కుంటాడని, ఆయన భార్య నసీబ్‌బీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. గిరాకీ తెచ్చిపెట్టే మాట కాదది. అయినా చెప్పేది.

కోసిగి సుంకప్ప బండి కథ అంతకన్నా పెద్దది. మామూలు బండి చేయమంటే ముక్కున్న బండి చేసిచ్చాడు. అది చాలక, ఆషాఢం గాలి ఊరికే పోతోందని బాధపడి, ఎమ్మిగనూరు దుప్పట్లు నాలుగు కలిపి కుట్టి బండికి తెరచాప కట్టాడు. ఎమ్మిగనూరు నేత గట్టిది. చినగలేదు. గాలి నిండగానే, వెనక నుంచి బండి తమను తరుముకొస్తోందని ఎద్దులు అనుకున్నాయి. సుంకప్ప తన ఊరు ఎదురుగా రావడమూ, పక్కనుంచి పోవడమూ రెండూ చూశాడు. మూడో ఊళ్ళో ఒక కొట్టం గోడ ఆపితే ఆగాడు. యూసుఫ్ సాబ్ పరామర్శకు పోయి, కట్టు కట్టిన ఆ మనిషి పక్కన కూచుని, మెల్లగా ఒకే ఒక్క మాట అడిగాడు.

“ఎంతసేపట్లో పోయినావప్పా?”

పడవను మాత్రం ఆయన తొందరపడి చేయలేదు. వేపకొయ్య పలకలు. పలకల సందుల్లో మిల్లు దూది. దాని మీద నూనెలో కాచిన గుగ్గిలం. వాకిట్లో రెండు బండల మీద దాన్ని కూచోబెట్టాడు. ఎండకు కొయ్య నెర్రెలిస్తుందని నిండా నీళ్ళు పోశాడు. పరీక్ష కూడా అదే అన్నాడు. లోపలి నీళ్ళు బయటికి పోకపోతే బయటి నీళ్ళు లోపలికి రావు. రోజూ ఊరి బయట మోటబావికి పోయి, పీపా కట్టిన బండిలో నీళ్ళు తెచ్చి గీత దాకా నింపేవాడు. లోకంలో పడవలు నీళ్ళలో ఉంటాయి. ఆదోనిలో నీళ్ళు పడవలో ఉండేవి.

రోజూ రెండు వేళ్ళు తగ్గేవి. ఆయన పడవ కింద వెల్లకిలా పడుకుని గుగ్గిలం పూసేవాడు. మరుసటి పొద్దున మళ్ళా కారేది. జనం ఆయనకు కారే సాబు అని పేరు పెట్టారు. చక్రం చేయించుకునేవాళ్ళు, ఇదీ కారుతాదా సాబూ అని అడిగి, నవ్వుకుంటూ వేరే వడ్రంగి దగ్గరికి పోయేవాళ్ళు.

నవ్వేవాళ్ళలో పెద్ద గొంతు ఎదురింటి ఉచ్చీరమ్మది. మొగుడు బొంబాయి వైపు కూలికి పోయి మూడేండ్లయింది. ఉత్తరం ముక్క లేదు. ఒక బర్రె, దాని పాలు, ఆమె నోరు, ఈ మూడింటి మీద ఆ ఇల్లు నిలబడి ఉంది. కొళాయి వరుసలో నిలబడి, మా వీధిలో సముద్రముంది, ఉప్పొక్కటే తక్కువ అని చెప్పేది. ఓడ ఏ దినం బయల్దేరుతాదో చెబితే మూట కట్టుకుంటానని యూసుఫ్ సాబ్‌నే అడిగేది. కారుడు నిలిచినాక చెబుతానమ్మా అని ఆయన వినయంగా బదులిచ్చేవాడు.

ఆమె అంత గట్టిగా నవ్వడానికి కారణముంది. పడవ ఎందుకు కారుతోందో ఊరు మొత్తానికి తన ఒక్కదానికే తెలుసని ఆమె నమ్మకం.

మధ్యాహ్నం ఆయన మసీదుకు పోగానే, నసీబ్‌బీ తలుపు వారగా వేసుకుని పడుకోగానే, ఉచ్చీరమ్మ కడవలతో వీధి దాటేది. అడగడం ఆమెకు చేతకాదు. ఒకసారి నసీబ్‌బీ బర్రెకని కడవెడు నీళ్ళు పంపితే, మా ఇంట్లో ధర్మం తినేవాళ్ళు లేరని చెప్పి, చుక్క తొణకకుండా వెనక్కి పంపింది. దొంగతనం వేరు. దొంగతనంలో ఎవరి ముందూ తల వంచే పని లేదు. పైగా ఈ సాబు వట్టి అమాయకుడు. మసీదు నుంచి వస్తూ వీధి మలుపులోనే మూడుసార్లు పెద్దగా దగ్గుతాడు. కొయ్యపొట్టు గొంతులో చేరింది పాపమని ఆమె అనుకునేది. మూడో దగ్గుకు ఆమె తన ఇంట్లో ఉండేది.

ఎనభై అయిదు ఎండాకాలంలో కుంటలన్నీ ఎండిపోయినప్పుడు, తుంగభద్ర ఒడ్డున ఉన్న మాధవరం నుంచి భీమప్ప వచ్చాడు. అక్కడ మనుషుల్ని నది దాటించే రేవును వేలంలో పాడుకున్నది ఆయనే. ఆయనకున్నవి పుట్టిలు, గుండ్రంగా పెద్ద బుట్టల్లాంటివి. నడి నీళ్ళలో అవి గిర్రున తిరుగుతుంటే యాత్రికులు అవతలి ఒడ్డున ఉన్న గుడి దాకా ఆగకుండా అక్కడే మొక్కులు మొక్కుకుంటున్నారు. ఆయనకు కొయ్య పడవ కావాలి. ఇక్కడున్న పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, పలకల్ని వేలితో కొట్టి విన్నాడు. నీళ్ళు గీత దాకా నింపించాడు. రేపు శుక్రవారం, పొద్దు వాలినాక వస్తానన్నాడు. ఒక్క వేలు తగ్గినా వద్దు. తగ్గకపోతే ఇదీ, ఇట్లాంటివే ఇంకో రెండూ తనకు కావాలి.

ఆ సాయంత్రం నసీబ్‌బీ పడవను మొదటిసారి మంచి చూపుతో చూసింది. యూసుఫ్ సాబ్ అన్నం సగంలో లేచి వచ్చి దాని ముక్కు నిమిరి పోయాడు.

ఎదురింట్లో ఉచ్చీరమ్మ లెక్క వేరు. పడవ నిలిస్తే నదికి పోతుంది. పడవ పోతే బర్రెకు నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే పాలు లేవు. పాలు లేని ఇంట్లో నోరు ఒక్కటే మిగులుతుంది, దాన్ని తిని బతకలేరు.

శుక్రవారం నమాజు పెద్దది. ఆమె మామూలు కన్నా ఎక్కువ తిరుగుళ్ళు తిరిగింది. చివరి కడవ ముంచుతుంటే తలుపు వెనక నసీబ్‌బీ గాజులు కదిలాయి. ఉచ్చీరమ్మ చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముంచింది.

భీమప్ప వచ్చేసరికి వీధి వీధంతా పడవ చుట్టూ ఉంది. యూసుఫ్ సాబ్ చొక్కా మడిచి వేళ్ళు దించాడు. మూడు వేళ్ళు తగ్గాయి. గడ్డం తుడుచుకుని తన మాట తాను చెప్పాడు. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. భీమప్ప నవ్వలేదు. పంచె ఎగగట్టి పడవ కిందికి దూరాడు. అడుగు పలకలు తడిమి, పిడికెడు మన్ను తీసుకుని బయటికి వచ్చాడు. అరచేయి తెరిచి ఊదాడు. దుమ్ము లేచింది.

“కారితే కింద తడుండాల గదా సాబూ. ఈడ చీమలు పుట్ట పెట్టుకున్నాయి.”

నవ్వు ఆగిపోయింది. మూడేండ్లుగా నవ్విన వీధిలో ఒక్కరూ వంగి చూసిన పాపాన పోలేదు.

“నీళ్ళు పైనుంచే పోయినాయి. ఎవరో ముంచుకోని పోతాండారు. ఎవరో సెప్పు, మాట్లాడుకుందాం.”

ఉచ్చీరమ్మ గడపలో నిలబడి ఉంది. రోజూ ఆ పడవ కింద వెల్లకిలా పడుకునే మనిషికి, వీపు కింద నేల ఎండుగా ఉందో తడిగా ఉందో తెలియకుండా ఉంటుందా అన్న ఆలోచన ఆమెకు అప్పుడు వచ్చింది.

యూసుఫ్ సాబ్ ఆమె వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు.

“ఎవురూ లేరప్పా. కొయ్యే తాగుతాంది. నా పనితనం అంతే. నువ్వు వేరే చోట చూసుకో.”

పని రాదని నువ్వే సెప్తే నేనేం సేసేది అని భీమప్ప పంచె దులుపుకుని కదిలాడు. మూడు పడవల బేరమూ ఆయన వెంటే వీధి మలుపు దాకా నడిచింది. మూడేండ్లుగా తాను అన్న మాటలన్నీ కలిపినా, ముసలాయన ఇప్పుడు తనను తాను అన్న ఆ ఒక్క మాటంత బరువు రావని ఉచ్చీరమ్మకు తోచింది. ఆమెకు కోపం వచ్చింది. కోపమొస్తే ఆమె అరుస్తుంది.

“ఓ భీమప్పా, నిలు. ఆ ముసలాయన అబద్ధాలు సెప్తాండాడు. నీళ్ళు నా బర్రె తాగింది.”

భీమప్ప వెనక్కి తిరిగాడు. “బర్రె వచ్చి తాగిందా?”

“నేను మోసినాను. మూడేండ్ల నుంచి మోస్తాండాను. చుక్క కారదు ఆ పడవ. కారింటే నాకు మిగిలేదా?”

దీనికి మించిన సర్టిఫికెట్ భీమప్పకు ఏ ఇంజనీరూ ఇవ్వలేడు. ఆయన వెనక్కి నడిచి వచ్చాడు. ఉచ్చీరమ్మ వీధి దాటి యూసుఫ్ సాబ్ మీదికి పోయింది.

“అన్నీ తెలిసి, దినామూ పొద్దున్నే ఆ కారుడు ఏడుపు ఎందుకు ఏడిస్తివి సాబన్నా?”

ఆయన దొంగతనంలో దొరికినవాడిలా నేల చూశాడు.

“కారిందనకపోతే, దినామూ నింపేదానికి మా ఇంటామె ఒప్పుకోదు గదమ్మా.”

తలుపు దగ్గర నిలబడిన నసీబ్‌బీ, తాను పుట్టిన తర్వాత ఏనాడూ మధ్యాహ్నం నిద్రపోలేదని, కావాలంటే తన పుట్టింటివాళ్ళను అడగమని వీధికి చెప్పింది.

ఆ సాయంత్రమే పడవను ఒంచి నీళ్ళు తీసేశారు. వీధిలో ఉన్న కడవలూ, బిందెలూ, చెంబులూ అన్నీ వచ్చాయి. ఉచ్చీరమ్మ అందరి ముందూ, అందరితో పాటు వరుసలో నిలబడి పట్టుకుంది. ఒకరిద్దరు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి మానుకున్నారు. తర్వాత పడవ, ముక్కు ముందుకు పెట్టుకుని, రెండు ఎద్దుల వెనక మాధవరం బయల్దేరింది.

మరుసటి పొద్దున యూసుఫ్ సాబ్ ఉచ్చీరమ్మ గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు. చెవి మీద పెన్సిలు, చంకలో కొత్త పలక. రెండో పడవ ఈ దినమే మొదలుపెడతాండానని చెప్పాడు. ఎంత లోతు పెట్టాలో తెలియాలంటే ఒక సంగతి అడగాల అన్నాడు. బర్రె దినానికి ఎన్ని కడవలు తాగుతాది?

ఉచ్చీరమ్మ బర్రె వైపు చూసి, ఆయన వైపు చూసి, నాలుగు అంది.

ఆయన పలక మీద ఎనిమిది అని రాసుకుని పోయాడు.