జేబులో ఎడమ చెయ్యి

ముందు ఒక పుకారు సంగతి తేల్చాలి. మా వీధి చివర యాంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్కు ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యడని అందరికీ తెలుసు. కోడలు కాపురానికి వచ్చిన రోజునుంచే ఈ అలవాటు పట్టుకుందనీ తెలుసు. ఈ రెండూ కలిపి వీధి ఒక కథ అల్లుకుంది. బీరువా తాళాలు కోడలి చేతికి చిక్కకుండా గుప్పిట్లో బిగించుకుని తిరుగుతున్నాడట. పొద్దున్న కూరల బండి దగ్గర పుట్టిన ఈ కథ, మేడ మీద బట్టలు ఆరేసే వేళకి సాక్షుల్ని కూడా సంపాదించుకుంది. గలగల చప్పుడు స్వయంగా విన్నామన్నవాళ్ళు ఉన్నారు.

వాళ్ళని అని లాభం లేదు. ఆయన వాలకమే అలా ఉండేది. వాన పడితే గొడుగుని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గడ్డంతో నొక్కి తెరిచేవాడు. అది తెరుచుకునేలోపు వాన వెలిసేది. వ్యాపారుల సంఘం వాళ్ళు సన్మానం చేసి పెద్ద గోడగడియారం చేతికిస్తే, ఒంటిచేత్తో అందుకున్నాడు. అది జారి అధ్యక్షుడి పాదం మీద పడింది. గడియారం ఆగిపోయింది, అధ్యక్షుడు కూర్చుండిపోయాడు, సభ మొత్తం నోరెళ్ళబెట్టింది. చెయ్యి మాత్రం బయటికి రాలేదు.

"ఏమండీ, ఆ చెయ్యి ఇంకా ఉందా, ఎవరికైనా ఇచ్చేశారా?" అని భార్య అడిగేది.

"ఉందిలే. పడుకుంది," అనేవాడు.

ఇక కోడలు. ఆ అమ్మాయి ఒక బృందంలో బేస్ గిటార్ వాయిస్తుంది. కొత్త కోడలి సామాను అంటే బట్టల పెట్టెలు వస్తాయనుకున్న అత్తగారికి, ఇద్దరు మనుషులు ఒగరుస్తూ మోసుకొచ్చిన బేస్ యాంప్లిఫయర్ ఎదురైంది. దాన్ని మోగిస్తే వంటింట్లో గ్లాసులు వాటంతట అవే నడిచేవి.

మామగారు మాత్రం చుట్టాన్ని చూసినట్టు సంబరంగా దాని చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళి ఆగిపోయాడు.

"దీని మూతకి మరలేవమ్మా?"

"తీసి పారేశాను మామయ్యా. చెడినప్పుడల్లా నేనే బాగుచేసుకుంటాను. మాటిమాటికీ విప్పడం, బిగించడం ఎందుకని."

ఆయన నిర్ఘాంతపోయాడు. కాసేపు యాంప్‌ని, కాసేపు కోడలిని చూశాడు. తరవాత నెమ్మదిగా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అంతే, అది ఇక బయటికి రాలేదు.

కోడలు బంగారం లాంటి పిల్లే. కాకపోతే చెప్పిన మాట చెవిన వేసుకోదు. మెట్లు తడిగా ఉన్నాయి, మెల్లగా దిగమ్మా అంటే పరుగెత్తుతూ దిగుతుంది. వినదు కానీ వెక్కిరిస్తుంది. వీధిలో ఎవరి నడకైనా, ఎవరి తుమ్మైనా ఒకసారి చూసిందంటే దించేస్తుంది. అత్తగారి తుమ్ముని ఎంత చక్కగా తుమ్మేదంటే, పక్కగదిలోంచి అత్తగారే "అరె, నాకు జలుబు చేసిందా?" అనుకునేది.

అలాంటిదానికి జేబులో చెయ్యి దొరికితే వదులుతుందా? భోజనాల బల్ల దగ్గర ఎడమ చెయ్యి జేబులో కుక్కుకుని, మెడ వంచి, గొంతు బొంగురుగా పెట్టి, "ఉందిలే, పడుకుంది," అనేది. అత్తగారు నవ్వలేక పొలమారి చచ్చేది. మొగుడు కంచం మీదకి ఒరిగిపోయేవాడు.

మామగారు కోప్పడలేదు సరికదా, తప్పులు దిద్దాడు. "ఇంకాస్త లోపలికి పెట్టాలమ్మా. మణికట్టు కనిపిస్తోంది."

మరునాటికి మణికట్టు కనిపించలేదు. జేబుల్లేని బట్టలన్నిటికీ ఆ పిల్ల ఎడమవైపు జేబులు కుట్టించుకుంది. అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "మామకి వెర్రి, కోడలికి అంటువ్యాధి. ఈ ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారమ్మా?"

ఇంతలో ఆ బృందానికి పెద్ద హాల్లో వాయించే అవకాశం వచ్చింది. అప్పటిదాకా పుట్టినరోజు పార్టీల్లో పిల్లల ఏడుపుల మధ్య వాయించినవాళ్ళు. ఆ మొదటి సాయంత్రం నచ్చితే ప్రతి శనివారం హాలు వాళ్ళదేనని మేనేజరు మాటిచ్చాడు. నచ్చకపోతే ఇంకో బృందం సిద్ధంగా ఉంది.

సరిగ్గా ఆ పొద్దున్నే యాంప్ మొరాయించింది. ముందు గొంతు కీచుమంది, తరవాత కందిరీగల గుంపులా హోరుమంది. దాని వెనక నిలువుగా రెండు గాజుబుడ్లు ఉంటాయి. పవర్ ట్యూబులంటారు. గిటారు గుసగుసని హాలు నిండేంత కేకగా మార్చేవి అవే. మామూలుగా వాటిలో దీపం వత్తిలా చిన్న వెలుగుంటుంది. ఇప్పుడు ఎడమవైపు ట్యూబు లోపలి రేకు పొయ్యిలో పెట్టిన అట్లకాడలా ఎర్రగా కాలుతోంది. కోడలు గబుక్కున స్విచ్చి ఆపి, "మామయ్యా," అని కేకేసింది.

ఆయన ఒంటిచేత్తో వచ్చాడు. ట్యూబులు చల్లారనిచ్చి, రెండింటి చోట్లూ మార్చాడు.

"అల్లరి పిల్లల్ని బెంచీలు మార్చి కూర్చోబెడతారు చూడు, అలాగన్నమాట. ఎరుపు ట్యూబు వెంట పక్కకి పోతే పిల్లాడిదే తప్పు. పాత చోటే ఉండిపోతే బెంచీదే తప్పు."

స్విచ్చి వేసి చూస్తే ఎరుపు పాత చోటే ఉంది. వెంటనే ఆపేశాడు.

"బెంచీదే. ఆ గూటికి పోయే దారిలో ఏదో భాగం పాడై, ట్యూబుకి మోతాదు మించి కరెంటు తాగిస్తోంది. కొట్టుకి పోయి ఆ దారిలో ఉండే భాగాలు, కొత్త ట్యూబుల జత పట్టుకొస్తాను. ఈలోపు లోపల వేలు పెట్టకు. ప్లగ్గు పీకినా దాని పొట్టలో కరెంటు నిలవుంటుంది."

"అలాగే మామయ్యా."

ఆ పిల్ల అలాగే అన్నదంటే అలా చెయ్యదని వీధి వీధికంతా తెలుసు. ఆయన మెట్లు దిగాడో లేదో, ప్లగ్గు పీకి యాంప్ లోపలి భాగాన్ని బయటికి లాగి, బోర్లా తిప్పి, ఏ భాగం పాడైందో తానే కనిపెడదామని స్క్రూడ్రైవరు పెట్టింది.

ఫెళ్ళుమన్న చప్పుడుకి వంటింట్లో అత్తగారి చేతిలో గరిట ఎగిరిపోయింది. పరుగెత్తి వచ్చి చూస్తే, కోడలు గోడకి చేరగిలబడి ఉంది. కళ్ళు ఇంతింతలు. స్క్రూడ్రైవరు తలుపు వెనక పడి ఉంది, మొన కరిగిపోయి.

ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చిన మామగారు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. తేరుకుని అడిగిన మొదటి మాట, "ఎడమ చెయ్యి ఎక్కడ?"

"పిల్లకి కుడి వేలు కాలితే ఎడమ చెయ్యి అడుగుతారేమిటండీ? మతి పోయిందా?" అంది అత్తగారు.

"ఎడమ చెయ్యి ఎక్కడుందమ్మా?"

కోడలు మెల్లగా తల దించి చూసుకుంది. జేబులో ఉంది. మణికట్టు కూడా కనిపించడం లేదు.

ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ చాచి కోడలి కాలిన చేతిని పట్టుకున్నాడు. రెండు చేతులూ. అత్తగారు దెబ్బ తిన్న కోడలిని వదిలేసి ఆ ఎడమ అరచేతిని తిప్పి చూసింది. ఖాళీ.

"మరి తాళాలేవి?"

"వంటింటి తలుపు వెనక మేకుకి. నువ్వేగా తగిలిస్తావు." అప్పటికిగాని ఆయనకి ఊపిరి అందలేదు. "రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేత్తో ఎక్కి రెండో చేత్తో దిగుతుంది. దారిలో గుండె ఉంది. ఒక చెయ్యి జేబులో ఉంటే ఆ దారి మూసినట్టు. మా గురువుగారు నాకు నేర్పిన మొదటి పని అదే."

వీధి మొదట్లో డాక్టరు గుండె పరీక్షించి, ఏమీ ఫరవాలేదని చెప్పి, వేలికి మందు రాసి పంపాడు. మామగారు కొట్టుకి వెళ్ళొచ్చి, యాంప్ పొట్టలో నిలవున్న కరెంటుని ముందు ఖాళీ చేసి, పాడైన భాగం మార్చి, కొత్త జత ట్యూబులు గుచ్చి, స్పీకరు తీగ తగిలి ఉందని రెండోసారి చూసుకుని స్విచ్చి వేశాడు. రెండు బుడ్లలోనూ బుద్ధిగా వత్తి వెలుగు.

ఆ సాయంత్రం కోడలు వేలి కట్టుతోనే, బొటనవేలితో వాయించింది. కుర్చీలు గజగజలాడాయి. వీధి జనమంతా వెళ్ళారు కానీ వేదిక వంక చూసినవాళ్ళు తక్కువ. ముందు వరసలో మెకానిక్కు రెండు చేతులతో చప్పట్లు కొడుతుంటే, కూరల బండి దగ్గర కథ పుట్టించినావిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. శనివారాలు బృందానికే అన్నాడు మేనేజరు.

ఇంటికి వచ్చే దారిలో కోడలు ఆగింది.

"మామయ్యా, ఒక్కటి అడుగుతాను. ఇన్నాళ్ళూ అందరి చేతా మాటలు పడి ఊళ్ళో నవ్వులపాలయ్యే బదులు, వచ్చిన రోజే నాతో చెప్పొచ్చుగా, ఒక చెయ్యి జేబులో పెట్టుకోమ్మా అని?"

"చెబితే రెండు చేతులూ యాంప్‌లో పెట్టేదానివి," అన్నాడాయన. "నీలో వినే భాగం లేదు, వెక్కిరించే భాగం ఉంది. రిపేర్లు చేసుకునేవాణ్ణి కదమ్మా, ఉన్న భాగంతోనే పని కానిచ్చాను."