స్వరూప అమ్మకు కలపని ఏళ్ళు

1997లో నేను శామీర్‌పేటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. మాది తెనాలి వైపు. మా ఆయనకు మేడ్చల్ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో ఇటొచ్చి పడ్డాం. కాలనీలో అద్దె ఇల్లు, పొద్దున్నే బస్సు, రోజుకు ఆరు పీరియడ్లు, సాయంత్రానికి గొంతు బొంగురు. నాకు కోపం ఎక్కువని పిల్లలు చాటుగా అనుకునేవాళ్ళు. చాటుగా ఎందుకు, ఎదురుగా అన్నా ఒప్పుకునేదాన్నే.

లెక్కలు చెప్పేవాళ్ళకు ఏటా బండి ఆగిపోయే చోటు ఒకటుంటుంది. అది వయసుల లెక్కలు. వీటిని వర్డ్ ప్రాబ్లమ్స్ అంటాం, అంటే అంకెలు పేర్చి ఇవ్వకుండా మాటల్లో చెప్పే లెక్కలు. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు, పదేళ్ళ తరువాత రెండు రెట్లు, అయితే ఇప్పుడు ఎవరి వయసెంత? తెలియని కొడుకు వయసును ఎక్స్ అనుకుంటాం. తండ్రిది మూడు ఎక్స్. ఆ పదేళ్ళూ ఇద్దరికీ కలిపి సమీకరణం రాస్తే, కొడుక్కి పది, తండ్రికి ముప్పై అని తేలిపోతుంది. చెప్పడానికి ఇంతే. కానీ సగం మంది కొడుక్కి పదేళ్ళు కలిపి తండ్రి సంగతి మర్చిపోతారు. నేను బల్ల మీద డస్టరు కొట్టి మరీ అరిచేదాన్ని.

"కొడుకు ఒక్కడే పెరుగుతాడట్రా? వాళ్ళ నాన్న ముప్పై దగ్గరే కూర్చుండిపోతాడా?"

క్లాసంతా ఘొల్లుమనేది. ఆ నవ్వుతోనే పాఠం బుర్రకెక్కుతుందని నా నమ్మకం.

ఆ ఏడు ఏడో తరగతిలో స్వరూప అనే పిల్ల ఉండేది. రెండో బెంచీలో, గోడ పక్కన. వాళ్ళ నాయిన చెరువులో చేపలు పడతాడు, అవ్వ, అంటే నాయినమ్మ, వాటిని అంగడిలో అమ్ముతుంది. పిల్ల చురుకైంది. భిన్నాలూ శాతాలూ టకటకా చేసేది. వయసుల లెక్క వచ్చిందంటే మాత్రం తప్పే. ఏడో తరగతికి అప్పట్లో కామన్ పరీక్ష ఉండేది, లెక్కలు తప్పితే ఆ ఏడు గల్లంతే. ఈ పిల్లకు ఇంకా ఎక్కువే గల్లంతవుతుందని ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేయడానికొచ్చిన అవ్వ చెప్పింది.

"వాళ్ళ నాయిన తెగేసి చెప్పిండు పంతులమ్మా. ఏడు పాసైతే సదువుడు, లేకుంటే నా ఎంబడి తట్ట వట్టుకొని అంగడికొచ్చుడు. పోరికేమో సదువు మీదనే పానం. జర నువ్వే సూడాలె."

"నేను చూసుకుంటాలే అవ్వా," అన్నాను గొప్పగా. వేలిముద్రకు అవ్వే ఎందుకొచ్చింది, తల్లి ఎందుకు రాలేదు అని అడగాలని కూడా తోచలేదు నాకు.

జనవరిలో ఒక పరీక్ష పెట్టాను. స్వరూప మళ్ళీ అదే తప్పు చేసింది. కూతురికి ఆరేళ్ళు కలిపింది, తల్లికి కలపలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ కాగితం పట్టుకుని క్లాసు మధ్యలో నిలబెట్టాను.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నువ్వు పెరుగుతుంటే మీ అమ్మ పెరగదా? అక్కడే ఆగిపోతుందా?"

ఎప్పటిలాగా నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ముందు బెంచీ పిల్లలు పుస్తకాల్లోకి తల దించేసుకున్నారు. స్వరూప నా వైపే చూస్తూ నిలబడింది. నాకు భయపడ్డారనుకుని తర్వాతి లెక్కలోకి వెళ్ళిపోయాను.

ఆ ఆదివారం ఇంట్లో నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. స్వరూప పుస్తకంలో తండ్రీ కొడుకుల లెక్క రైటు. అన్నదమ్ముల లెక్క రైటు. తాతా మనవడిదీ రైటే, ఇద్దరికీ శుభ్రంగా కలిపింది. తల్లీ కూతుళ్ళ లెక్క తప్పు. ఇంకోటి తల్లీ కొడుకులది, అదీ తప్పు. వెనక్కి తిప్పాను. నాలుగు చోట్ల తల్లి ఉంది, నాలుగు చోట్లా తల్లికి ఏళ్ళు కలపలేదు. అది మర్చిపోవడం కాదు. మరిచిపోయే పిల్ల ఒకసారి తండ్రినీ మర్చిపోతుంది కదా!

బాబోయ్, నేనేం మాట అన్నాను ఆ పిల్లని, అంతమందిలో?

సోమవారం మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక ఆమెను ఆపాను. పుస్తకం తెరిచి ముందు పెట్టి, పక్కనే బెంచీ మీద కూర్చున్నాను.

"తాతకు కలిపావు, తండ్రికి కలిపావు. అమ్మకెందుకు కలపలేదమ్మా?"

కలపకుండా వదిలేసిన చోట వేలు పెట్టింది.

"మా అమ్మకు వెరుగయి గద టీచర్. సచ్చిపోయినోళ్ళకు ఏండ్లు వెరుగుతయా?"

తనకు నాలుగేళ్ళప్పుడు తల్లి కామెర్లతో పోయిందట. క్లాసులో అందరికీ తెలుసు, నాకు తప్ప. తప్పయిపోయింది తల్లీ అన్నాను. టీచర్ అలా అనడం ఎన్నడూ విననట్టు చూసింది. తర్వాత నాకు తోచిన తెలివి ఒకటి ప్రయోగించాను.

"లెక్కలో ఉన్నది మీ అమ్మ కాదుగా. వేరే ఎవరో. ఆవిడకు కలపొచ్చు."

"ఎరుకే టీచర్. మీరు చెప్పింది మంచిగనే సమజైంది. గని గక్కడికొచ్చేసరికి చెయ్యి వోతలేదు."

ట్రైనింగులో చేతకాని పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పారు గానీ, చెయ్యి పోని పిల్లకు ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. పరీక్షకు రెండు నెలలు కూడా లేవు. ఒక్క లెక్కే కదా, వదిలేయమందామంటే, కొత్తవన్నీ దాని మీదే కట్టిన పాఠాలు. పైగా అది వదిలేస్తే ఆ పిల్లకు నేను చెప్పాల్సింది చెప్పనట్టే అనిపించింది.

"మీ అమ్మ నీకంటే ఎన్నేళ్ళు పెద్దదో తెలుసా?" అని అడిగాను. తెలీదంది. అవ్వనడిగి రమ్మన్నాను.

మర్నాడు ప్రార్థన కాకముందే నా కోసం గేటు దగ్గర కాచుకుని ఉంది.

"నేను పుట్టిన్నాడు అమ్మకు ఇరువై ఏండ్లంట టీచర్. మా చిన్న మేనత్తదీ అమ్మదీ ఒక్కటే ఈడంట. అవ్వ మంచిగ యాది జేస్కొని చెప్పింది."

మధ్యాహ్నం బోర్డు మీద స్వరూప వయసు ఎక్స్ అని రాశాను. అమ్మది ఎంత అన్నాను. ఎక్స్ ప్లస్ ఇరవై అంది. అయిదేళ్ళు పోతే? ఆమెది ఎక్స్ ప్లస్ అయిదు. అమ్మ దగ్గర ఆగింది. నేను తొందరపెట్టలేదు. నా జన్మలో బోర్డు ముందు అంతసేపు నోరు మూసుకుని నిలబడ్డది అదే మొదలు.

"చూడమ్మా, వయసుల లెక్కలన్నిటికీ ప్రాణం ఒక్కటే. ఇద్దరి మధ్య తేడా ఎప్పటికీ మారదు. నువ్వెంత పెరిగినా అమ్మ నీకు ఇరవై ఏళ్ళు పెద్దదే."

"సచ్చిపోయినంక గూడనా?"

"లెక్కలో మారదు. బయట సంగతి నాకు తెలీదు తల్లీ."

అబద్ధం చెప్పనందుకో ఏమో, చాక్‌పీసు తీసుకుంది. అమ్మ పక్కన ప్లస్ అయిదు వేసింది. వేసి, మళ్ళీ తుడిచేసి, ఎక్స్ దగ్గర పన్నెండు పెట్టి చూసుకుంది. అప్పటికి ఆమెకు పన్నెండు నిండాయి.

"అంటే అమ్మ ఉంటే ఇప్పుడు ముప్పై రెండా టీచర్?"

"అవును."

"ముప్పై రెండేండ్లంటే ఎట్లుంటది?"

వాళ్ళింట్లో తల్లి ఫోటో ఒక్కటి కూడా లేదట. తీయించుకునే తీరిక దొరకలేదట. ఏం చెప్పను?

"నాలా ఉంటుంది. నాకు ముప్పై మూడు," అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇంకెవరూ చూడలేదు. జుట్టు చూసింది, కళ్ళజోడు చూసింది, చాక్ అంటిన చేతులు చూసింది. దగ్గరికొచ్చి చెవి పక్కన ఒక తెల్ల వెంట్రుకను వేలితో ముట్టుకుంది. మాకు పిల్లల్లేరు. కావాలని ఆ రోజు కోరుకున్నంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు. కళ్ళలో నీళ్ళు వస్తే చాక్ పొడి పడిందన్నాను. చాక్‌పీసు ఆమె చేతిలోనే ఉంది.

ఆ తర్వాత పరీక్ష దాకా రోజుకొక లెక్క ఇచ్చాను. ఒక రోజు కలిపేది, ఒక రోజు కలపలేకపోయేది. కలపని రోజున ఏమీ అనలేదు.

కామన్ పరీక్ష రోజున సెంటరు బయట ఎండలో నిలబడ్డాను. పక్కన అవ్వ, ఖాళీ తట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుని. పిల్లలు బిలబిలా బయటికొచ్చారు. ఒకడి చేతిలో పేపరు లాక్కుని చూశాను. ఉంది! తల్లి వయసు కూతురి వయసుకు మూడు రెట్లు, పదిహేనేళ్ళ తరువాత రెండు రెట్లు, అప్పుడు వారి వయసులెంత? తండ్రీ కొడుకులని ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

అందరి తర్వాత వచ్చింది స్వరూప.

"వయసుల లెక్క?" అన్నాను.

"జేసిన టీచర్."

"కలిపావా?"

"ఇద్దరికీ కలిపిన. బిడ్డకు ముప్పై అచ్చినయ్. అమ్మకు అరువై." అవ్వ వైపు చూసింది. "మా అమ్మ ముసల్దయింది టీచర్. అవ్వ లెక్కనే అయింది."

నవ్వుతూ మొదలుపెట్టి ఏడ్చేసింది. అవ్వకు లెక్క అర్థం కాలేదు గానీ మనవరాలిని పట్టుకుని, "ఏమైంది బిడ్డా, తప్పిందా?" అని ఒకటే కంగారు.

"రైటేనే అవ్వా, రైటే!" అన్నాను. నా ఏడుపు చూసి ఆవిడ నమ్మలేదు.

స్వరూప పాసయింది, హైస్కూల్లో చేరింది. తర్వాత మేం బహదూర్‌పల్లి మారాం, నేను గండిమైసమ్మ దగ్గర ఇంకో బడిలో చేరాను. పదో తరగతీ గట్టెక్కిందని విన్నాను, అంతకు మించి తెలీదు. ఒక్కసారి చూడాలని ఉంది.

పన్నెండేళ్ళయినా వయసుల లెక్కలు చెబుతూనే ఉన్నాను. తేడా మారదని చెబుతాను, ఇద్దరికీ కలపాలని చెబుతాను. డస్టరు మాత్రం కొట్టను. తప్పు చేసిన పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుని, "ఏమనుకుని ఇలా వేశావమ్మా?" అని అడుగుతాను. చాలామంది మర్చిపోయాం టీచర్ అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ, వీళ్ళమ్మ ఇంట్లో క్షేమంగా ఉందన్నమాట అనుకుని ఊపిరి పీల్చుకుంటాను.