మా జామతోటకు ట్రాక్టరు

మైసూరు రాష్ట్రం కర్ణాటకగా మారిన కొత్తలో నాకు ట్రాక్టరు పిచ్చి పట్టింది. నేను బీదరులో లెక్కల మాస్టరును. ఊరి చివర చిద్రి దాటాక మా ఇల్లు, చిన్న జామతోట, దాని పక్కన కూరగాయలు వేసుకునేంత నేల ఉండేవి. వానలు మొదలైతే చెట్ల మధ్య గడ్డి మోకాళ్లు దాటి పెరిగేది. సరిగ్గా అప్పుడే ఊళ్లో అందరికీ విత్తనాల పని ఉండేది కాబట్టి కోసేవాళ్లు దొరికేవారు కాదు. నాయన ఉన్నప్పుడు ఎడ్లుండేవి. ఆయన పోయాక వాటిని మేపలేక అమ్మేశాను. అందుకని గడ్డి కోయడానికి, గుంటక లాగడానికి, పెంట తోలడానికి ఒక చిన్న యంత్రం కొనాలని నిర్ణయించాను.

అప్పటికి నేను సైకిలు తప్ప మరేదీ నడపలేదు. ఆ సంగతి నా ఉత్సాహానికి ఏమాత్రం అడ్డు రాలేదు. దొరికిన కరపత్రమల్లా తెచ్చి చదివాను. స్టాఫ్ రూములో గేర్ల గురించి, హార్స్ పవర్ గురించి ఎంత చెప్పానంటే, నేను వస్తుంటే డ్రాయింగు మాస్టరు టీ కప్పు పట్టుకుని బయటికి వెళ్లిపోయేవాడు.

మొదట చూసింది చేతి ట్రాక్టరు. రెండు చక్రాలుంటాయి, వెనక నడుస్తూ పిడులు పట్టుకోవాలి. నౌబాద్ దగ్గర ఒక చేనులో కంపెనీ మనిషి దాన్ని నడిపి చూపిస్తున్నాడని తెలిసి నేనూ మా ఇంటావిడా వెళ్లాం. చుట్టూ రైతులు మూగారు. "ఎవరన్న నడిపి చూస్తరా?" అని అతను అడగ్గానే నేను ముందుకు దూకాను. పది పుస్తకాలు చదివినవాణ్ణి, నేను కాకపోతే ఇంకెవరు?

యంత్రం కదిలింది. ఆపడం ఎలాగో నాకు బాగా తెలుసు, కానీ ఆ తెలిసినదంతా ఆ క్షణాన తలలో నుంచి జారిపోయింది. అది గట్టు దాటింది. పక్కవాళ్ల కంది చేనులోకి దూరింది. వెనక నేను పరుగు. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు.

"ఇడువుండ్రి సార్, ఇడువుండ్రి!" అని అందరూ అరుస్తున్నారు.

విడిస్తే పరువు పోతుందని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. చివరికి ముళ్లకంచె దాన్ని ఆపింది, నన్ను కూడా.

ఇంటికి వస్తూ దారంతా మా ఇంటావిడ పెదవి కొరుక్కుంటూనే ఉంది. చిద్రి దగ్గరికి వచ్చాక ఇక ఆగలేక అడిగింది: "ఒక్క మాట చెప్పుండ్రి. మీరు దాన్ని నడిపిన్రా, అది మిమ్మల్ని నడిపిందా?"

మర్నాడు స్టాఫ్ రూములో, మన నేలకు చేతి ట్రాక్టరు పనికిరాదని శాస్త్రీయంగా నిరూపించాను. ముళ్లు గుచ్చుకున్న చేతులను మాత్రం జేబుల్లోనే ఉంచుకున్నాను.

తర్వాతి వారమే మిషన్ కాంపౌండులోని దొర, దొరసాని తమ దేశానికి తిరిగి వెళ్లిపోతున్నారని మా చర్చిలో చెప్పారు. వాళ్ల దగ్గర తోటపనికి తెప్పించుకున్న చిన్న ఎర్ర ట్రాక్టరు ఉంది. సీటు మీద కూర్చుని నడపవచ్చు. కింద గడ్డి కోసే బ్లేడు, వెనక చిన్న ట్రాలీ. ఎవరికైనా అమ్మేసి వెళతారట.

దుబల్గుండి నుంచి మా బామ్మర్దిని పిలిపించాను. వాడు పుట్టు రైతు. ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో దాని వీపు నిమిరాడు.

"బావా, గిది పెద్దగైతదా, ఇంతేనా?"

"తోటకు ఇది చాలురా. గడ్డి కోస్తది, గుంటక లాగుతది."

"సరే, ఖరాబైతే సామాను యాడ దొరుకుతది? మంచిగ సోంచాయించు బావా. ఒక జత ఎడ్లు తీస్కో. ఖరాబైనా సామాను అక్కర్లేదు."

నిజం చెప్పాలంటే నేను అప్పటికే ఆలోచించడం మానేశాను. దొర దాని మీద కూర్చుని కాంపౌండులో ఒక చుట్టు తిరిగి చూపించాడు. దాని వెనక గడ్డి జంపఖానా పరిచినట్టు ఉంది. ఆ సీటు మీద నన్ను నేను చూసుకున్నాను. రోడ్డున పోయే వాళ్లు ఆగి నన్ను చూడటం కూడా చూసుకున్నాను. ట్రాక్టరు ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే. మిగతావన్నీ తర్వాత పోగేసుకున్న కారణాలు.

అయినా లెక్కల మాస్టరును కదా, లెక్క లేకుండా కొనలేదు. టేపు పట్టుకుని తోటంతా కొలిచాను. వరుసకూ వరుసకూ మధ్య ఎడం కొలిచాను, గేటు కొలిచాను. మలుపు తిరగడానికి ఎంత చోటు కావాలో బడిలో నల్లబల్ల మీద బొమ్మ గీసి చూసుకున్నాను. అన్నీ సరిపోయాయి. ట్రాక్టరు మా తోటకు వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారిని ప్రార్థనకు పిలిచాను. ఆయనతో పాటు సంఘమంతా తోటకు వచ్చింది. రమ్మని బలవంతం చేసింది నేనే. ఇస్త్రీ ప్యాంటు వేసుకున్నాను, తల మీద టోపీ పెట్టుకున్నాను. ప్రార్థన ముగిసింది. నేను సీటెక్కి ఇంజను వేశాను. గేటు నుంచి మొదటి చెట్టు దాకా దారి బ్రహ్మాండంగా సాగింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను చెయ్యి ఊపి, వరుసల మధ్యకు తిప్పాను.

ముందు టోపీ పోయింది. ఆ తర్వాతి కొమ్మ కళ్లద్దాలు తీసుకుంది. మూడో కొమ్మ నా గడ్డం కింద పడి, నన్ను సీటు మీద నుంచి ఎత్తబోయింది. వరుసల వెడల్పు కొలిచాను గానీ, సీటు మీద కూర్చున్న నా ఎత్తు కొలవలేదు. నేనేమో మా వంశంలోకెల్లా పొడుగువాణ్ణి. జామకొమ్మలేమో మనిషి భుజాల దాకా వాలి ఉంటాయి. స్టీరింగు మీద బోర్లా పడుకుని కాలితో ఏదేదో తొక్కాను. ట్రాక్టరు ఒక ఎర్రరాయి ఎక్కి, చెట్టు మొదలుకు తగిలి ఆగిపోయింది. నా వీపు మీద జామకాయలు రాలాయి.

అయ్యగారు మెల్లగా దగ్గరికి వచ్చి, "మాస్టరూ, ఇంకోసారి ప్రార్థన చేద్దామా?" అన్నారు.

ఆ తర్వాత నేను చేయని ప్రయత్నం లేదు. పక్కకు వాలి నడిపాను. సీటు తీసేసి గోనెసంచి మీద కూర్చున్నాను. మోకాళ్లు చెవులకు తగిలాయి గానీ తల మాత్రం కొమ్మలకు తగులుతూనే ఉంది. చివరికి గొడ్డలి తీసుకుని బయలుదేరాను. మా ఇంటావిడ చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"నిండ కాయలున్నయి. మీ తలకాయ కోసం చెట్లు నరుకుతరా?"

"మరేం చెయ్యమంటవ్?"

"జర రోజులు ఊకుండుండ్రి."

ట్రాక్టరు మీద టార్పాలిను కప్పాను. స్టాఫ్ రూములో ఎవరైనా దాని గురించి అడిగితే ఎండలు తగ్గనీయండి అనేవాణ్ణి. అప్పుడు బయట వాన కురుస్తూ ఉండేది.

ఒకరోజు బడి నుంచి తోటకు వచ్చేసరికి ఇంజను చప్పుడు వినిపించింది. ఎవరో ఎత్తుకుపోతున్నారనుకుని సైకిలు పడేసి పరుగెత్తాను. చెట్ల మధ్య నుంచి ట్రాక్టరు నా వైపే వస్తోంది. మీద మా ఇంటావిడ. కొంగు నడుముకు బిగించి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఎదురుగా చూస్తూ నడుపుతోంది. ఆమె పొట్టి మనిషి. కొమ్మలు ఆమె తల మీదుగా, ఆకు కూడా తగలకుండా జరిగిపోతున్నాయి. వెనక గడ్డి వరుసగా పడి ఉంది.

నా దగ్గరికి వచ్చి ఆపింది. ఆపడం కూడా వచ్చు.

"ఎవరు నేర్పిన్రు నీకు?" అన్నాను. కొంత కోపంగానే అన్నాను.

"దొరసానమ్మ. మీరు టేపు పట్టుకొని తోట కొలుస్తున్నప్పుడు నేను కాంపౌండుకు పోయి నేర్చుకున్న. ఆడ రోజూ గడ్డి కోసేది ఆమెనే. దొర నడిపింది మీకు చూయించిన నాడొక్కనాడే."

"నాకెందుకు చెప్పలే?"

"మీరు గంత సంబురంగ ఉంటిరి. ఎట్ల చెప్పాలె?"

ఆ మాటతో నా కోపం పోయింది. వెళ్లి సైకిలు లేపుకొచ్చాను. ఆ రోజు నుంచి ట్రాక్టరు ఆమెది, వెనక గడ్డి పోగుచేసే పంగలకర్ర నాది. కోసిన గడ్డిని మా బర్రె మొదట వాసన చూసి వదిలేసింది. బ్లేడు కాస్త పైకి లేపితే గడ్డితో మన్ను రాదని మా ఇంటావిడే కనిపెట్టింది. ఆ తర్వాత బర్రె తినసాగింది. మా ఇంటావిడ ట్రాక్టరుకు గుంటక కట్టి వంగతోట సాపు చేసింది. ట్రాలీలో పెంట తోలింది. నేనేమో ఆమె వెనక నడుస్తూ, ఇంజను గురించి చదివినవన్నీ గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ చప్పుడులో ఆమెకు ఒక్క ముక్కా వినపడేది కాదు. నా ప్రసంగాలన్నిటిలో ఎవరికీ విసుగు పుట్టించనివి అవే.

సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఏం మాస్టరూ, ఆడిమనిషిని ట్రాక్టరెక్కిస్తవా?"

"నేనెక్కించలేదు మామా. ఆమెనే ఎక్కింది, నన్ను దించింది."

క్రిస్మస్ దగ్గర పడ్డాక చర్చి చుట్టూ ఎండుగడ్డి అట్లాగే ఉంది. కోసేవాళ్లు దొరకలేదు. ఆ పెద్దాయనే మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని నాతో వానల గురించి, ధరల గురించి చాలాసేపు మాట్లాడాడు. చివరికి వంటింటి వైపు తిరిగి, "బిడ్డా, జర చర్చి కాడికి నీ బండి తెస్తవా?" అన్నాడు.

ఆమె బయటికి వచ్చి, "తెస్త మామా. రాళ్లు మాత్రం మీరు ఏరాలె," అంది.

మర్నాడు ఆయనా నేనూ ట్రాక్టరు ముందు నడుస్తూ, బ్లేడుకు తగలకుండా రాళ్లు ఏరాం. ఆయన నాకంటే వేగంగా ఏరాడు. మధ్యమధ్యలో ఆమెకు చెంబుతో నీళ్లు కూడా తానే ఇచ్చాడు. సాయంత్రానికి చర్చి చుట్టూ నేల నున్నగా కనబడింది.

ఇంటికి వెళ్లేటప్పుడు నేను ట్రాలీలో గడ్డి మీద వెనక్కి తిరిగి, కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. డ్రాయింగు మాస్టరు సైకిలు మీద ఎదురై, దిగి నిలబడిపోయాడు. నేను టోపీ ఎత్తి నమస్కారం పెట్టాను. ఆమె చిద్రి రోడ్డుకు తిప్పింది. బీదరు ఊరంతా నా కళ్లముందే మెల్లమెల్లగా దూరమైంది.